బేతాళుని ప్రశ్న, ప్రణయనాయకుని వాగ్దానం

హిమాయత్‌నగర్‌లో పాఠశాలలకు, కళాశాలలకు, పోటీపరీక్షల శిక్షణాలయాలకు కొదవ లేదు. ఉదయం మొదలు దీపాలు వెలిగే వేళవరకు ఆ వీధులలో పుస్తకాల సంచుల బరువుకు ముందుకు వంగి నడిచే బాలబాలికలు కనిపిస్తూనే ఉంటారు. ఆ సంచులలో భౌతికశాస్త్రం ఉంటుంది, రసాయనశాస్త్రం ఉంటుంది, గడచిన సంవత్సరాల ప్రశ్నపత్రాల సంపుటం ఉంటుంది. వీటన్నిటి అడుగున, ఏ ఒక్క సంచిలోనో, నల్లని అట్టమీద రెండు తెల్లని చేతులు ఒక ఎర్రని ఆపిలుపండును పట్టుకొని ఉన్న బొమ్మతో లావుపాటి ఇంగ్లీషు నవల ఒకటి కూడ ఉంటుంది. అది శిక్షణాలయం ఇచ్చినది కాదు; తలిదండ్రులు కొనిపెట్టినది అంతకంటె కాదు. ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉన్నప్పుడు వాటి ముందరి కాలిబాటలమీద పరచే పాతపుస్తకాల రాశులలో బేరమాడి తెచ్చుకొన్నది. లేదా ఒక స్నేహితురాలి చేతినుండి మరొక స్నేహితురాలి చేతికి మారుతూ, అట్ట నలిగి, పుటల మూలలు మడతలు పడి వచ్చినది.

ఆ నవల తరగతిగదిలో పట్టుబడడం ఎక్కడైనా జరుగగల విషయం. దానిని ఇట్లా ఊహించుకొనవచ్చు. పదవ తరగతిలో తెలుగు పాఠం సాగుతున్నది. మూడవ వరుసలో ఒక బాలిక వాచకం నిలబెట్టి, దాని చాటున మరొక పుస్తకం చదువుతూ కన్నీరు తుడుచుకొన్నది. ఉపాధ్యాయిని దగ్గరకు వచ్చి నిలుచున్నది.

“ఏమ్మా, ఈ పాఠంలో ఏడవవలసినంత ఏమున్నది? నాకూ చెప్పు.”

“సారీ మేడమ్.”

“ఏదీ, ఇటివ్వు. ఏమిటీ కథ?”

“లవ్ స్టోరీ మేడమ్. అతను వాంపైర్. కాని మంచివాడు.”

“నెత్తురు తాగేవాడు మంచివాడెట్లా అవుతాడమ్మా?”

“మనుషుల నెత్తురు తాగడు మేడమ్. జంతువులదే.”

తరగతి అంతా గొల్లుమన్నది. ఉపాధ్యాయిని కూడ నవ్వు ఆపుకొనలేకపోయినది. అయినా పుస్తకం బల్లసొరుగులోకి పోయినది. పాఠం మళ్లీ మొదలైనది. క్రమశిక్షణ దృష్టితో చూస్తే వ్యవహారం అక్కడితో ముగిసినది. సాహిత్య దృష్టితో చూస్తే అక్కడనే ఆరంభమైనది. ఏలనంటే, ఉపాధ్యాయిని అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. బాలిక ఇచ్చిన జవాబు కూడ తీసిపారవేయదగినది కాదు. ఆ రెంటిమధ్య జరుగవలసిన సంభాషణ జరుగక మునుపే సొరుగు మూతపడినది.

ఆ పుస్తకం పేరు ‘ట్విలైట్’. రచయిత్రి స్టెఫనీ మేయర్ అమెరికా దేశస్థురాలు. మొదటి భాగం 2005లో వెలువడినది; తక్కిన మూడు భాగాలు 2006, 2007, 2008 సంవత్సరాలలో వరుసగా వచ్చినవి. 2008 నుండి 2012 వరకు ఐదు చలనచిత్రాలు వచ్చినవి. అదే కథను నాయకుని వైపునుండి చెప్పే మరొక సంపుటం 2020లో అచ్చయినది. ప్రపంచమంతటా పదికోట్లకు మించి ప్రతులు అమ్ముడుపోయినవి. కథ చిక్కులు లేనిది. బెల్లా అనే పదునేడేండ్ల బాలిక, ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్ అనే చిన్న ఊరికి తండ్రివద్ద ఉండడానికి వస్తుంది. అక్కడి పాఠశాలలో ఎడ్వర్డ్ అనే అందగాడు ఆమెకు పరిచయమౌతాడు. అతడు 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో చావవలసినవాడు. రక్తపిశాచమై, నాటి పదునేడేండ్ల వయస్సులోనే నిలిచిపోయినవాడు. ఆమె నెత్తురు వాసన అతనికి తాళలేని ఆకర్షణ. ప్రేమించినాడు గనుక చంపరాదు. చంపకుండ ఉండడమే అతని తపస్సు. నాలుగు సంపుటాల కథ ఈ ఒక్క ఇరుసుమీదనే తిరుగుతుంది.

ఈ నవలలను నిందించేవారి వాదం బలహీనమైనది కాదు. నాయకుడు నాయికకు తెలియకుండ రాత్రివేళ ఆమె గదిలో ప్రవేశించి, ఆమె నిద్రపోతుండగా చూస్తూ కూర్చుంటాడు. మూడవ సంపుటంలో ఆమె తన మిత్రుణ్ణి చూడడానికి పోకుండ ఆమె బండి యంత్రంలోని భాగాన్ని ఊడదీస్తాడు. ఇవన్నీ ఆమె క్షేమంకోసమే అంటాడు. ఆమె కూడ అట్లాగే నమ్ముతుంది. రెండవ సంపుటంలో అతడు విడిచిపోగా ఆమె బ్రతుకు ఎంత శూన్యమౌతుందంటే, నెలల పేర్లు తప్ప మరేమీ అచ్చువేయని పుటలు నవలలో వరుసగా కనిపిస్తాయి. కళాశాలకు పొమ్మని అతడే చెప్పినా ఆమెకు పోవాలని ఉండదు. పదునెనిమిదేండ్లకే పెండ్లి, ఆ వెంటనే ప్రాణాలమీదికి వచ్చే ప్రసవం, ఆ పిమ్మట ఆమె కూడ రక్తపిశాచం కావడం, ఇవే ఆమెకు దక్కిన పురుషార్థాలు. అమెరికా గ్రంథాలయ సంఘం 2009వ సంవత్సరానికి ప్రకటించిన జాబితాలో, గ్రంథాలయాలనుండి తొలగించవలెనని ఎక్కువమంది కోరిన పది పుస్తకాలలో ఈ నవలలు కూడ ఉన్నవి.

సమర్థించేవారి వాదంలో కూడ సారం లేకపోలేదు. ఇంగ్లీషు వాచకంలో రెండు పుటల పాఠాన్ని తాను చదువక, ఇతరులు వ్రాసిపెట్టిన జవాబులను వల్లించే బాలిక, ఎవరూ చెప్పకుండ, ఎవరూ మార్కులు వేయకుండ, దాదాపు ఐదువందల పుటల నవలను నాలుగు రాత్రులలో ముగించుతున్నది. నిఘంటువు తెరవకుండనే సందర్భాన్నిబట్టి పదాలకు అర్థం తెలుసుకొంటున్నది. భాష అబ్బేది ఇట్లాగే గాని ప్రశ్నపత్రాల సంపుటాలతో కాదు. రెండవది, ఈ కథలో కోరిక బాలికది. ఆమె ఎవరి చూపుకో పాత్రమై ఊరకుండదు. తానే చూస్తుంది, తానే కోరుతుంది, తానే నిశ్చయించుకొంటుంది. ఆ వయస్సులోని బాలికల మనస్సును ఇంత తీవ్రంగా పట్టించుకొన్న రచనలు ఎన్ని ఉన్నవి? మూడవది, నాయకునిలోని ఆకర్షణ అతని బలం కాదు, ఆ బలాన్ని అణచుకొనే నిగ్రహం. నెత్తురు త్రాగగలిగి కూడ త్రాగనివాడని తరగతిలో బాలిక చెప్పబోయినది ఇదే.

భూతం అందగాడు కావడం కొత్తగా పుట్టిన వింత కాదు. 1819లో ఇంగ్లండులో అచ్చయిన, జాన్ పాలిడోరి అనే వైద్యుడు వ్రాసిన కథలోనే రక్తపిశాచం ప్రభువర్గపు నాగరికుడై విందులకు వచ్చినది. 1897లో బ్రామ్ స్టోకర్ డ్రాక్యులాను ప్రవేశపెట్టినాడు, అతడును జమీందారే. అధికారం, అందం, సంపద కలవాడు అబలల నెత్తురు త్రాగుతాడన్న భయం ఆ కథలలో భూతరూపం దాల్చినది. 1954లో అమెరికాలోని చిత్రకథల ప్రచురణకర్తలు తమకు తాము ఒక నియమావళి విధించుకొని రక్తపిశాచాలను చిత్రకథలనుండి బహిష్కరించినారు. 1971లో ఆ నియమం సడలినది. మరి పదునేడేండ్ల నిషేధంవల్ల సాధించినది ఏమి? రక్తపిశాచం చావలేదు. చిత్రకథలలోనుండి వెళ్లగొట్టబడినది సినిమాలలో తిరిగినది, నవలలలో పెరిగినది, చివరకు నాయకుడై తిరిగివచ్చినది. తలుపు మూసినంతమాత్రాన కథ ఆగదు.

ఇక తెలుగు బాలబాలికలకు భూతం కథ చెప్పడం కొత్త కాదు. బేతాళుడు ఇంగ్లీషువారి రక్తపిశాచం కాడు. అయినా రిచర్డ్ బర్టన్ 1870లో బేతాళకథలను ఇంగ్లీషులో ప్రకటించినప్పుడు ఆ పుస్తకానికి విక్రముడూ వాంపైరూ అనే అర్థం వచ్చే పేరే పెట్టినాడు. 1947లో మదరాసులో పుట్టిన ‘చందమామ’ ఆ బేతాళుణ్ణి నెలనెలా తెలుగు ఇండ్లలోకి తెచ్చినది. శ్మశానంలో చెట్టు, చెట్టుమీద శవం, శవంలో బేతాళుడు. ఇంతకంటె భయంకరమైన రంగం ఏ వాంపైరు నవలలోను లేదు. అయినా ఏ తల్లీ ఆ పత్రికను బల్లసొరుగులో పెట్టి తాళం వేయలేదు. తానే చదివి వినిపించినది. ఏలనంటే, ఆ కథ చివర బేతాళుడు పిల్లవాణ్ణి కరవడు, ప్రశ్న అడుగుతాడు. ఆ ముగ్గురిలో నిజమైన త్యాగి ఎవడు? ఆ పాపం ఎవరికి చెందుతుంది? తెలిసికూడ మౌనం వహిస్తే తల పగులుతుంది. అంటే, కథ విన్నవానికి ఆలోచించే బాధ్యత కూడ ఉన్నదని ఆ భూతం నేర్పినది.

అసలు భూతాల కథకు రాజసభలో జరిగిన అవమానం ఈ దక్కను గడ్డకు చాల పాత సంగతి. కాశ్మీర కవి సోమదేవుడు పదునొకండవ శతాబ్దిలో కూర్చిన ‘కథాసరిత్సాగరం’లో ఆ ఐతిహ్యం ఉన్నది. సాతవాహనుని కొలువులోని గుణాఢ్యుడు అడవిలో ఒక పిశాచంవల్ల దివ్యకథలు విని, పైశాచీ భాషలో, సిరా దొరకక తన నెత్తుటితోనే, ఏడు లక్షల శ్లోకాల గ్రంథం వ్రాసినాడట. రాజు దానిని తిరస్కరించినాడు. భాష పిశాచాలది, వ్రాత నెత్తుటిది, ఇది మాకెందుకన్నాడు. గుణాఢ్యుడు అడవిలో అగ్నిగుండం చేసి, ఒక్కొక్క పత్రమే చదివి మృగాలకు వినిపిస్తూ నిప్పులో వేసినాడు. మృగాలు మేత మరచి కన్నీరు కారుస్తూ విన్నవి. ఆరు లక్షల శ్లోకాలు బూడిదైన పిమ్మట రాజుకు విషయం తెలిసి పరుగున వచ్చినాడు. మిగిలినది ఒక లక్ష మాత్రమే. అదే బృహత్కథ.

ఈ ఐతిహ్యాన్ని చూపి, తిరస్కృతమైన ప్రతి పుస్తకమూ బృహత్కథయే అనడం తప్పు. నెత్తుటితో వ్రాసినవన్నీ కావ్యాలు కావు. నెత్తుటినిగూర్చి వ్రాసినవి అంతకంటె కావు. కాని రాజు చేసిన పొరపాటు ఏదో గుర్తించవలె. అతడు గ్రంథాన్ని చదివి తిరస్కరించలేదు. భాష చూచి, రంగు చూచి తిరస్కరించినాడు. బల్లసొరుగులోకి పోయే పుస్తకానికి పట్టే గతి కూడ చాలవరకు ఇదే. దానిలో ఏమున్నదో తెలియకుండనే చెడ్డదని తీర్పు జరుగుతుంది. ఆ తీర్పు నిజమే కావచ్చు. అయినా చదువక చెప్పిన తీర్పును విద్యార్థి గౌరవించడు.

ఆధునిక తెలుగు సాహిత్యంలో కూడ ఈ తగవు పలుమార్లు జరిగినది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి నవలలు వ్రాసినాడని ప్రసిద్ధి. ఆ చిన్న నవలలను రైలుప్రయాణాలలో చదివినవారు చదివినారు, ఈసడించినవారు ఈసడించినారు. 1960లలో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ధారావాహికగా వచ్చినది, 1976లో చలనచిత్రమైనది. ఆ నవలలోని రాజశేఖరం ధనికుడు, అందగాడు, ముభావి. అతనివంటి భర్తకోసం కలలు కని ఆడపిల్లలు చెడిపోతున్నారని పెద్దలు వాపోయినారు. అద్దె పుస్తకాల దుకాణాలు ఆ కాలంలో వాడవాడలా వెలసినవి. నాడు పాఠ్యపుస్తకం చాటున ‘సెక్రటరీ’ చదివిన బాలికలలో ఎందరో పిమ్మట ఉపాధ్యాయినులైనారు. నేడు అమ్మమ్మలై, మనుమరాలి చేతిలోని ‘ట్విలైట్’ను చూచి బుగ్గలు నొక్కుకొంటున్నారు. ఎడ్వర్డుకు, రాజశేఖరానికి నడుమ ఉన్న భేదం కోరపండ్లు మాత్రమే అని వారికి ఎవరైనా చెప్పవలె. అయితే మరొక భేదం కూడ చెప్పవలె. ‘సెక్రటరీ’లోని జయంతి తన కష్టార్జితంమీద బ్రతుకుతుంది, ఆత్మాభిమానం కలది. ఆమె ప్రేమించడానికి ముందు ఎదిరిస్తుంది.

1980ల తొలి సంవత్సరాలలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ప్రచురితమైనప్పుడు వాదం మరింత తీవ్రమైనది. చేతబడి, క్షుద్రదేవత, పసిపిల్లమీద ప్రయోగం, వీటితో కూడిన ఆ నవలను పాఠకులు వారంవారం ఊపిరి బిగబట్టి చదివినారు. విమర్శకులు దానికి క్షుద్రసాహిత్యమని పేరు పెట్టినారు. ఆ విమర్శలో కేవలం ఈర్ష్య లేదు. బాణామతి చేసినారన్న నెపంతో నిరపరాధులను హింసించి చంపిన పల్లెలు తెలంగాణలో ఉన్నవి. చేతబడిని నమ్మే సమాజంలో చేతబడి కథ కేవలం కథగా మిగలదన్నదే విమర్శకుల భయం. 1878లో కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ప్రకటించడం మొదలుపెట్టినప్పుడు, మూఢవిశ్వాసాలను ఎండగట్టడం తెలుగు నవలకు తొలినాటి పని అయినది. నూరేండ్ల పిమ్మట నవల మళ్లీ మాంత్రికుని ఇంటికి పోవడం వారికి బాధ కలిగించినది.

ఇక్కడ ఒక విచక్షణ అవసరం. భూతసాహిత్యమంతా ఒకే గాటన కట్టదగినది కాదు. ‘తులసిదళం’వంటి నవలలో పాఠకునికి ప్రమాదమంటూ ఉంటే అది భూతాన్ని నమ్మడంలో ఉన్నది. ‘ట్విలైట్’లో ఆ ప్రమాదం లేదు. హిమాయత్‌నగర్ బాలిక ఎవరూ రాత్రివేళ నెత్తురు త్రాగడానికి వస్తారని భయపడదు. ఉదయం జీవశాస్త్రం పరీక్షకు రక్తప్రసరణను చక్కగానే వ్రాస్తుంది. ఆమె నమ్మేది భూతాన్ని కాదు, ప్రేమికుణ్ణి. అనుమతి లేకుండ గదిలోకి రావడం ఆరాధనయని, బండి కదలకుండ చేయడం సంరక్షణయని, అతడు లేకపోతే తన జీవితానికి అర్థం లేదని, ఈ మూడూ ప్రేమకు గుర్తులని ఆమె నమ్మితే, అది చేతబడికంటె లోతుగా పనిచేస్తుంది. ఏలనంటే చేతబడిని హేతువాది ఖండించగలడు. ప్రేమను ఖండించబోతే, పెద్దవాళ్లకేమి తెలుసునని పిల్ల మొగం తిప్పుకొంటుంది.

ఈ మాట ఊరక భయపెట్టడానికి చెప్పేది కాదు. ‘ట్విలైట్’ మొదటి చలనచిత్రం విడుదలైన 2008లోనే, డిసెంబరులో, వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై ఆమ్లదాడి జరిగినది; వారిలో ఒకరు మరణించినారు. ఆ దుర్మార్గానికీ ఆ నవలకూ సంబంధం ఏమీ లేదు, అంటగట్టడం అన్యాయం. అయినా వెంటపడడమే ప్రేమయని, కాదనడం అవునన్నదానికి తొలిమెట్టని, దక్కకపోతే దండించే హక్కు తనకున్నదని భావించే యువకులు ఏ వాంపైరు నవలా చదువనక్కరలేదు. తెలుగు చలనచిత్రాలలో నాయకుడు నాయిక వెంట పాడుతూ పరుగెత్తే రంగాలు చాలును. స్త్రీ వద్దన్నా వెంబడించడాన్ని 2013లో చట్టం శిక్షార్హమైన నేరంగా ప్రకటించినది. చట్టం నేరమన్నదానిని పాట ప్రేమ అంటున్నది. ఈ రెంటి నడుమ చిక్కుకొన్నది పదిహేనేండ్ల పిల్ల. ఆమెకు ఆ భేదం ఎవరు చెప్పవలె? ఇంటిలో ఆ ప్రస్తావనే రాదు. శిక్షణాలయంలో ఆ పాఠమే లేదు. ఒకవిధంగా చూస్తే, ఆ సంభాషణకు వీలు కల్పించేది బల్లసొరుగులో పడి ఉన్న ఆ పుస్తకమే.

అందుకు కావలసిన పరికరాలు తెలుగు ఉపాధ్యాయుని చేతిలో లేకపోలేదు. మానవేతరునికి, మానవునికి నడుమ ప్రణయం తెలుగు కావ్యానికి కొత్త వస్తువు కాదు. పదునారవ శతాబ్దిలో అల్లసాని పెద్దన వ్రాసిన ‘మనుచరిత్ర’లోని ప్రవరుని కథను పాఠ్యభాగంగా చదువని తెలుగు విద్యార్థి అరుదు. అప్సరస వరూధిని ప్రవరుని కోరుతుంది. అతడు కాదని వెళ్లిపోతాడు. నిగ్రహం అక్కడా ఉన్నది. కాని ప్రవరుడు కాదన్న పిమ్మట ఆమె గదిలోకి పోయి కూర్చోలేదు; అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటిదారి పట్టినాడు. ఆ తరువాతి కథ మరింత ఆలోచించదగినది. అంతకుముందు వరూధిని తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపం ధరించి వస్తాడు. కలయికవేళ ఆమె కన్నులు మూసుకొనవలెనని నియమం పెడతాడు. తనకు దక్కనిదానిని మారురూపంతో దక్కించుకొన్నవాడు మొట్టమొదట చేసిన పని, ఎదుటివారి కన్నులు మూయించడం. పాఠంలో ప్రవరుని నిష్ఠవరకే చెప్పి ఊరకొనే తరగతిలో ఈ కన్నుల సంగతి చర్చకు రాదు. వస్తే, ‘ట్విలైట్’ చదివిన బాలిక చెప్పగలిగినంతగా మరెవ్వరూ చెప్పలేరు.

ఇక్కడికి వచ్చేసరికి తగవు రూపం మారుతుంది. యువజనుల వాంపైరు ప్రణయకథలు మంచివా, చెడ్డవా అన్నది చిన్న ప్రశ్న. వాటిని చదివిన పిమ్మట ఎవరు ఏ ప్రశ్న అడుగుతున్నారన్నది పెద్ద ప్రశ్న. బేతాళకథకు, ‘ట్విలైట్’కు ఉన్న అసలు భేదం దెయ్యాల జాతిలో లేదు. బేతాళుడు వినేవానిని ప్రశ్నించి మేలుకొలుపుతాడు. ఎడ్వర్డు చదివే పిల్లకు శాశ్వతమైన ప్రేమను వాగ్దానం చేసి కన్నులు మూయిస్తాడు. కథ తాను అడుగని ప్రశ్నను ఉపాధ్యాయుడు అడుగవచ్చు. అతడు నీ గదిలోకి చెప్పకుండ వచ్చి కూర్చుంటే నీకు ఎట్లా ఉంటుంది? అతడు అందగాడు కాకపోతే, అదే పని చేస్తే, అప్పుడేమంటావు? బండి పాడుచేసినవానిని బెల్లా క్షమించినది, నీ చెల్లెలైతే నీవు క్షమించమంటావా? అతడు లేని నాలుగు నెలల పుటలు ఖాళీగా ఉన్నవి, ఆ పుటలలో ఆమె ఏమి వ్రాసుకొని ఉండవలసినది? ఈ ప్రశ్నలకు జవాబు ముందే నిర్ణయించి అడిగితే అది నీతిబోధ అవుతుంది. పిల్లలు దానిని పసికట్టగలరు. తెలుసుకొనడానికి అడిగితే అది సాహిత్యబోధ.

ఇందుకు ఉపాధ్యాయుడు మొదట చేయవలసిన పని ఒకటే. అది కష్టమైనది కూడ. ఆ పుస్తకం తాను చదువవలె. చదివి, నచ్చనిది నచ్చలేదని, నచ్చినది నచ్చినదని దాపరికం లేకుండ చెప్పవలె. ప్రతి తరగతికీ పరీక్షలు, ఫలితాలు, తనిఖీలు తరుముతుండగా ఐదువందల పుటల ప్రణయకథకు తీరిక ఎక్కడిదని అడుగవచ్చు. న్యాయమే. కాని పిల్లల మనస్సులను ఆక్రమించిన పుస్తకం ఏదో తెలియకుండ ఆ మనస్సులకు ఛందస్సు నేర్పబోవడం, ఇంటిలో ఎవరున్నారో తెలియకుండ తలుపు తట్టడమే అవుతుంది.

ఈ ప్రాంతపు చరిత్ర కూడ ఆ మాటే చెబుతున్నది. ఇంటర్మీడియట్ విద్యార్థుల చేతులలోని తెలుగు పాఠ్యగ్రంథాలను దశాబ్దాలపాటు అచ్చువేసిన తెలుగు అకాడమి, 1968లో స్థాపితమై, ఈ హిమాయత్‌నగర్‌లోనే నెలకొన్నది. అంతకు చాల పూర్వం, తెలుగు చదువుకు ఆదరణ లేని నిజాము కాలంలో, 1901లో స్థాపించబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఇక్కడికి ఎంతో దూరంకాని సుల్తాన్‌బజారులో ఉన్నది. ఆబిడ్స్ కాలిబాటమీది ఆదివారపు పుస్తకాల సంత ఆ రెంటికీ పొరుగుననే సాగుతున్నది. విధించిన పుస్తకం ఒకచోట, భద్రపరచిన పుస్తకం ఒకచోట, పిల్లలు తామై వెదకుకొనే పుస్తకం ఒకచోట. ఈ మూడింటికీ నడుమ దారి ఉన్నదని చూపగలిగినవాడు ఉపాధ్యాయుడు ఒక్కడే. కాలిబాటనుండి గ్రంథాలయానికి నడిపించే చేయి లేకపోతే పిల్ల కాలిబాటవద్దనే ఆగిపోతుంది. సొరుగుకు తాళం వేస్తే ఆ కాలిబాట కూడ దూరమై, చేతిలోని ఫోనుకు అంకితమౌతుంది. అక్కడ ఐదువందల పుటలు కావు కదా, ఐదు వాక్యాలు చదివే ఓపిక కూడ మిగలదు.

సోమదేవుని గ్రంథంలో బేతాళుని చివరి ప్రశ్నకు రాజు జవాబు చెప్పలేకపోతాడు. తెలియక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి బేతాళుడు కోపించడు. సంతోషించి, ఆ రాజును బలి ఇవ్వదలచిన కపట భిక్షువు రహస్యం వెల్లడించి ప్రాణాలు కాపాడతాడు. శవంలోని భూతం మిత్రుడైనాడు. కాషాయంలోని మనిషి శత్రువైనాడు. కోరలున్నవాడు మంచివాడు కావచ్చు. పండ్లు వరుసగా ఉన్నవాడు చెడ్డవాడు కావచ్చు. రూపం చూచి నమ్మరాదన్న ఈ ఒక్క పాఠం వాంపైరు కథలోను ఉన్నది, బేతాళకథలోను ఉన్నది. బాలిక సగం నేర్చుకొన్నది. తక్కిన సగం చెప్పవలసి ఉన్నది.

ఆ తరగతిగదిలో మరునాడు జరుగవలసినది కూడ ఊహించుకొనవచ్చు. ఉపాధ్యాయిని సొరుగు తెరచి పుస్తకం బాలిక చేతిలో పెట్టినది.

“రాత్రి నూరు పేజీలు చదివానమ్మా. అతను ఆ పిల్ల గదిలోకి వచ్చి కూర్చుంటాడు చూడు, అది నీకు నచ్చిందా?”

బాలిక వెంటనే జవాబు చెప్పలేదు. పుస్తకం అట్టమీది ఆపిలుపండును వేలితో రాస్తూ నిలుచున్నది.

“మొదట నచ్చింది మేడమ్. మీరు అడుగుతుంటే ఇప్పుడు కొంచెం భయమేస్తున్నది.”

“భయపడవద్దు. ఆలోచించు.”

“మేడమ్, ఒకటి అడగనా? వరూధిని కూడ కళ్లు మూసుకొన్నది కదా. మరి తప్పు ఎవరిది?”

ఉపాధ్యాయిని మౌనంగా నిలిచిపోయినది. ముప్పదియేండ్లుగా ఆ పాఠం చెబుతున్నా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడుగలేదు. తరగతి అంతా ఆమె మొగంవైపే చూస్తున్నది. ఆమె వాచకం మూసి, కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్నది.

“ఈరోజు పాఠం అదే,” అన్నది.